నోరు లేని రోగి: నవల రాస్తున్న అమ్మాయికి ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన నాలుగు అధ్యాయాలూ చదివాను. గోదావరి లంకల్లో ఒక ఊరు, 1935 నుంచి 1958 దాకా కాలం, చంటిపిల్లల వైద్యానికి చుట్టుపక్కల పది ఊళ్లలో పేరున్న శాస్త్రులుగారు, మద్రాసు వెళ్లి చదువుకొచ్చిన కొడుకు. ఎత్తుగడ బాగుంది. మెచ్చుకోలు ఇంతటితో ఆపి పనిలోకి వస్తాను.

మొదటి అధ్యాయంలో నీ శాస్త్రులుగారు ఆరునెలల బిడ్డ చెయ్యి పట్టుకుని, కళ్లు మూసుకుని, "పైత్యం" అని తేల్చేశారు. సినిమా వైద్యుడు చేసే పని అది. ఆ వయసు బిడ్డకి మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించడానికి చోటే సరిగా ఉండదు. నాడి నిమిషానికి నూట పాతిక సార్లు కొట్టుకోవడం మామూలే, గుక్కపట్టి ఏడిస్తే నూట యాభై దాటిపోతుంది. అందులో నాడీశాస్త్రం చెప్పే పాము నడక, కప్ప గంతు, హంస నడక ఎక్కడ వెతుకుతాం? చంటిపిల్లల వైద్యుడు కళ్లు మూయడు. అతని చదువంతా కళ్లలోనే ఉంటుంది. రోగికి నోరు లేదు. ఎక్కడ నొప్పో, ఎప్పటినుంచో చెప్పలేదు. చెప్పే తల్లి సగం భయంతో చెబుతుంది, సగం అత్తగారి ముందు దాస్తుంది. నీ నవలకి అసలు బిగువు ఇక్కడ ఉంది. మందు దగ్గర కాదు.

కాబట్టి ఆ దృశ్యాన్ని మళ్లీ రాయి. శాస్త్రులుగారు బిడ్డని ముట్టుకోకుండా ముందు కాసేపు చూడాలి. ఆయుర్వేదాచార్యుడు వాగ్భటుడు తన అష్టాంగహృదయం ఉత్తరస్థానంలో ఇది చక్కగా చెప్పాడు. నొప్పి ఎంతుందో ఏడుపు తీవ్రతని బట్టి తెలుసుకోవాలి. బిడ్డ మాటిమాటికీ చెయ్యి ఎక్కడికి పోనిస్తోందో, ఎక్కడ ఎవరు తాకినా ఓర్చుకోలేకపోతోందో, నొప్పి అక్కడ. కళ్లు మూసుకునే ఉంటే తలలో. నాలుకా పెదవులూ కొరుక్కుంటూ, పిడికిళ్లు బిగించి, ఊపిరి బరువుగా తీస్తుంటే గుండెల్లో. పాలు తాగబోయి రొమ్ము కొరికి వదిలేస్తూ, పొట్ట ఉబ్బి, పేగులు గుడగుడలాడుతూ, వీపు విల్లులా వంచి పొట్ట పైకెత్తుతుంటే కడుపులో. ఈ నాలుగు ముక్కల్లో నీకు నాలుగు దృశ్యాలున్నాయి. శ్లోకం పెట్టకు. బిడ్డ చేతిని చూపించు, శాస్త్రులుగారి చూపు ఎటు వెళ్లిందో చూపించు, పాఠకుడు తనే కనుక్కుంటాడు.

కాశ్యప సంహిత మాట. రెండో అధ్యాయంలో, 1936లో, శాస్త్రులుగారి చేత దాన్ని వల్లె వేయించావు. కుదరదు. నేపాల్‌లో దొరికిన అసంపూర్ణమైన తాళపత్ర ప్రతి ఆధారంగా ఆ గ్రంథం బొంబాయిలో అచ్చయింది 1938లో. అంతకుముందు ఎక్కడో ఒక శ్లోకం వేరే గ్రంథాల్లో ఉదాహరణగా కనబడితే కనబడవచ్చు గానీ, లంకల్లో వైద్యుడి ఇంట్లో ఆ పుస్తకం ఉండే అవకాశం లేదు. ఆయన అటక మీద ఉండేవి వాగ్భటం, మాధవనిదానం, శార్ఙ్గధర సంహిత, యోగరత్నాకరం, మన తెలుగు తాత్పర్యంతో బసవరాజీయం. తాతల నాటి తాటాకు కట్ట ఒకటి, అందులో అనుభవ యోగాలు. అంతే.

అయితే ఈ పొరపాటుని వదులుకోకు, కథకి పనికొస్తుంది. పుస్తకాన్ని కొడుకు చేత మద్రాసు నుంచి తెప్పించు. బాలవైద్యానికి మూలగ్రంథమనదగ్గ పుస్తకం, తండ్రి జీవితమంతా చేసిన వైద్యానికి పునాది, ఆయనకి అరవై ఏళ్లు వచ్చాక ఇంటికి వస్తుంది! అందులో వేదనాధ్యాయం అని బిడ్డ నొప్పులు గుర్తుపట్టడానికే ఒక అధ్యాయం ఉంది. జ్వరం రాబోయే ముందు బిడ్డ ఒళ్లు ముడుచుకోవడం, ఆవులించడం, ఉన్నట్టుండి ఎత్తుకున్న మనిషిని కరుచుకుపోవడం, పాల మీద ఇష్టం తగ్గడం, నుదురు కాలుతూ పాదాలు చల్లబడడం, అన్నీ అందులో ఉన్నాయి. కొడుకు చదివి వినిపిస్తుంటే తండ్రి ముందే చెప్పేస్తూ ఉండాలి. ఇంకొకటి. ఏడాది దాటినా నడవని బిడ్డ రోగాన్ని కాశ్యపుడు ఫక్కరోగం అన్నాడు, నడక నేర్పడానికి మూడు చక్రాల బండి చేయించమన్నాడు. కొడుకు గొప్పగా అది చదివేసరికి, అరుగు మీద మనవడి మూడు చక్రాల నడకబండి ఉంటుంది, ఊరి వడ్రంగి చేసింది. ఎవరూ ఏమీ అనక్కర్లేదు.

ఇక తూకాలు. నువ్వు నవల పొడుగునా "ఒక చెంచా పొడి" అన్నావు. రెండు నెలల బిడ్డకి చెంచాడు చూర్ణమా! శార్ఙ్గధరుడి లెక్క చూడు. మొదటి నెల బిడ్డకి ఒక గురిగింజ ఎత్తు, ఆపైన నెలకొక గురిగింజ చొప్పున ఏడాది దాకా పెంచాలి. ఏడాది దాటాక ఏడాదికొక మాషం చొప్పున పదహారో ఏడు దాకా. ఈ లెక్క చూర్ణానికి, ముద్దకి, లేహ్యానికి. కషాయమైతే దీనికి నాలుగింతలు. గురిగింజ ఎత్తంటే దాదాపు 0.12 గ్రాము. చెంచాడు పొడి రెండు మూడు గ్రాములు ఉంటుంది, అంటే ఇంచుమించు ఇరవై గురిగింజలు. రెండు నెలల బిడ్డకి రెండు గింజలు ఇవ్వాల్సింది. పదింతలు పోశావన్నమాట. ఈ ఒక్క వాక్యంతో తెలిసినవాడు నీ పుస్తకం మూసేస్తాడు.

ఆ రోజుల్లో తూచేది నాణేలతో. వెండి రూపాయి ఎత్తు ఒక తులం, అంటే 96 గురిగింజలు. పావలా 24, పాత వెండి బేడ, అంటే రెండణాల నాణెం, 12. తర్వాత వచ్చిన నికెల్ బేడ బరువు వేరు, అది తూకానికి పనికిరాదు. అందుకే శాస్త్రులుగారి చందనప్పెట్టెలో అరిగిపోని పాత వెండి బేడ ఒకటి గుడ్డలో చుట్టి ఉండాలి. దాన్ని ఎవరో కోడలు తెలియక ఖర్చుపెట్టేస్తే ఏమవుతుందో నువ్వే ఆలోచించు. మాషం దగ్గర ఇంకో తకరారు ఉంది. శార్ఙ్గధరుడి మాషానికి ఆరు గురిగింజలు, బజారులో కంసాలి మాషానికి ఎనిమిది. తండ్రీ కొడుకుల మధ్య మొదటి వాగ్వాదం సిద్ధాంతం మీద కాకుండా ఈ రెండు గింజల మీద రానివ్వు. గ్రాములూ కిలోలూ 1958 అక్టోబరు నుంచి అంచెలంచెలుగా వచ్చాయి, నయాపైసలు 1957 ఏప్రిల్ నుంచి. నీ ఆఖరి అధ్యాయంలో ఆ తికమక పెట్టుకోవచ్చు. గురిగింజ నిండుగా ఉన్నంతకాలం తూకపు గింజ, పగిలి నమిలితే ప్రాణాంతకమైన విషం. చంటిపిల్లలు పాకే ఇంట్లో త్రాసు పళ్లెం ఎంత ఎత్తున ఉండాలో మరిచిపోకు.

మందు ఎవరు తాగాలన్నది కూడా నువ్వు పట్టించుకోలేదు. సుశ్రుతుడు పిల్లల్ని మూడు రకాలు చేశాడు. ఏడాది దాకా పాలే తాగేవాళ్లు క్షీరపులు, రెండేళ్ల దాకా పాలూ అన్నమూ తినేవాళ్లు క్షీరాన్నాదులు, ఆపైన అన్నాదులు. మొదటివాళ్లకి చాలావరకు మందు తల్లికే, లేదా పాలిచ్చే దాదికే. రెండోవాళ్లకి ఇద్దరికీ. మూడోవాళ్లకి బిడ్డకే. అంటే నీ నవలలో సగం మంది రోగులు నిజానికి తల్లులు. బాలింత ఏం తిన్నది, పథ్యం ఎవరు పెట్టారు, కాయం ముద్ద ఎవరు చేశారు, ఎవరితో మాట పడి ఏడ్చింది, ఇదంతా వైద్యుడి ప్రశ్నల్లోకి వస్తుంది. అందులోంచి ఇల్లంతా కథలోకి వస్తుంది.

పాల పరీక్ష రాయి, కనువిందుగా ఉంటుంది. గిన్నెడు చల్లని నీళ్లలో తల్లిపాల చుక్కలు పిండిస్తారు. మంచి పాలు తీగలు సాగకుండా, తేలకుండా, మునగకుండా నీళ్లలో కలిసిపోతాయి. వాతం చెడిపిన పాలు పైన తేలతాయి, వగరు. పిత్తం చెడిపినవాటిలో పసుపు చారలు, పులుపు. కఫం చెడిపినవి చిక్కగా జిగురుగా అడుక్కి దిగుతాయి. ఇది శాస్త్రంలో ఉన్న మాట. ఈనాటి వైద్యం దీన్ని ఒప్పుకోదు, నువ్వూ దాన్ని రుజువైన నిజంలా చెప్పకు. ఆ గిన్నె చుట్టూ నిలబడ్డ నలుగురు ఆడవాళ్లు "నీ పాలు మంచివి కావట" అన్న మాటని ఎలా వాడుకుంటారో అది రాయి. ఆ బాలింత ఆ తర్వాత నెల రోజులు ఆ ఇంట్లో ఎలా బతికిందో రాయి.

శాస్త్రులుగారి పేరు నిలబెట్టిన మందేదో ఒకటి ఉండాలి కదా. నువ్వు "అద్భుత మూలిక" అని వదిలేశావు. అద్భుతం వద్దు, బాలచాతుర్భద్ర చూర్ణం పెట్టు. నాలుగే సరుకులు: తుంగముస్తలు, పిప్పళ్లు, అతివస, కర్కాటకశృంగి. నాలుగూ సమభాగాలు, గుడ్డలో జల్లించి తేనెలో నాకిస్తారు. చంటిపిల్లల జ్వరం, విరేచనాలు, దగ్గు, ఆయాసం, వాంతులకి శాస్త్రం చెప్పింది. ఈ నాలుగింటి భూగోళం చూడు. తుంగముస్తలు లంకల్లో పొలం గట్టున కలుపు మొక్క, పాలేరు తవ్వి తెస్తాడు. పిప్పళ్లు మన్యం నుంచి సంతకి వస్తాయి. అతివసా కర్కాటకశృంగీ హిమాలయాల సరుకు, బొంబాయో మద్రాసో చేరి, రైలెక్కి, రాజమండ్రి పచారీ కొట్టుకి రావాలి. 1942లో యుద్ధం వల్ల రైళ్లు కరువైనప్పుడు చూర్ణంలో రెండే మిగులుతాయి. అప్పుడాయన ఏం చేస్తాడు? రెంటితోనే ఇస్తాడా, లేదంటాడా? మనిషి ఎలాంటివాడో అక్కడ తెలుస్తుంది.

అతివస దగ్గర జాగ్రత్త. దానికి శిశుభైషజ్యం అని పేరే ఉంది, పిల్లలకి అంత మంచిదని. కానీ అది వత్సనాభి అనే విషపు దుంప జాతిదే. వత్సనాభి కొంచెం లోపలికి పోయినా చాలు, మనిషి పోతాడు. అతివస దుంప చిన్నది, బూడిద తెలుపు, విరిస్తే సుద్దముక్కలా తెల్లగా పుటుక్కున విరుగుతుంది, నాలుక మీద చేదు. వత్సనాభి నల్లగా గట్టిగా ఉంటుంది, నాలుక మొద్దుబారుతుంది. కొట్టువాడి డబ్బాలో కల్తీ వస్తే శాస్త్రులుగారు ముందు విరిచి చూస్తారు. ఏ వాక్యంలోనూ "ఆయన జాగ్రత్తపరుడు" అని రాయక్కర్లేదు.

నెయ్యి కాచే దృశ్యం నీకు బాగా ఇష్టమైనట్టుంది, మూడు పేజీలు రాశావు. కానీ ఒక్క పూటలో దించేశావు. నెయ్యి, నూనె, బెల్లంపాకం మందులు ఒక్క రోజులో ముగించకూడదని శాస్త్రం. రాత్రి పొయ్యి మీదే ఉంచి మర్నాడు సాగించాలి, గుణం పడుతుంది. పాళ్లు ఇవి: ముద్ద ఒక వంతు, నెయ్యి నాలుగు వంతులు, రసమో కషాయమో పదహారు వంతులు. పదహారు తులాల ఆవునెయ్యి అనుకుంటే, నాలుగు తులాల ముద్ద, అరవై నాలుగు తులాల సరస్వతి ఆకు రసం. సన్నటి సెగ. అడుగంటకుండా గరిటె తిప్పే మనిషి ఒకరు ఉండాలి, ఆ మనిషి కోడలైతే మంచిది. పాకం దగ్గరపడ్డాక ఆ ముద్ద కొంచెం తీసి వేళ్ల మధ్య నలిపితే ఒత్తిలా చుట్టుకోవాలి. నిప్పు మీద వేస్తే చిటపటలాడకూడదు. చిటపటలాడితే నీరు మిగిలిందని. నీరు మిగిలిన పాకం అరగదు, పొట్ట బరువెక్కిస్తుంది. ముదిరితే ఒంటికి రాసుకోవడానికే. మాడితే దేనికీ కాదు. ఇక నువ్వు తప్పుగా రాసిందేమిటంటే, "నెయ్యి పొంగు వచ్చింది, శాస్త్రులుగారు దించమన్నారు". తలకిందులు. పాకం తీరినప్పుడు నూనెకి నురగ లేస్తుంది, నెయ్యికి ఉన్న నురగ అణగిపోతుంది. నీ నెయ్యి ఇంకా పచ్చి!

సరస్వతి ఆకూ బ్రాహ్మీ ఒకటే అన్నట్టు రాశావు. మన వాళ్లు సరస్వతి ఆకనేది గుండ్రటి ఆకుతో నేల మీద పాకే మండూకపర్ణి. బ్రాహ్మి దళసరి చిన్న ఆకులతో తడి నేలల్లో పెరిగేది. ఏదో ఒకటి నిర్ణయించుకుని ఆకు ఆకారం చెప్పు, పేరు మీద పోట్లాట పండితులకి వదిలెయ్యి.

శాస్త్రులుగారి చేతిలో పిల్లలు పోవాలి. నీ నాలుగు అధ్యాయాల్లో ఒక్కరూ పోలేదు. ఆ కాలం అలా లేదు. కానీ ఎందుకు పోయారో నీకు తెలిసి ఉండాలి, ఆయనకి తెలియకపోయినా. నీకు మూడు మార్గాలు చూపిస్తాను.

విరేచనాలు మొదటిది. "పారుతోంటే నీళ్లు పట్టకూడదు" అని అమ్మమ్మలు గొంతు ఎండగట్టేవారు. మాడు గుంటపడి, కళ్లు లోతుకు పోయి, పొట్ట మీద చర్మం చిటికెతో ఎత్తితే అలాగే నిలబడి, ఏడిస్తే కన్నీళ్లు రాని బిడ్డ వస్తుంది. మాడు మీద ఆముదం అద్ది కూర్చుంటే బతకదు. శాస్త్రులుగారు పేలాల గంజి ఉప్పేసి గంటగంటకీ పట్టమంటే బతకవచ్చు, అది శాస్త్రంలో లాజమండం. అయితే దాన్ని "మన పూర్వీకుల ఓఆర్ఎస్" అని మాత్రం ఎవరి నోటా అనిపించకు. లీటరు నీళ్లకి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు లాంటి కొలతతో కలిపిన నీళ్లు ప్రాణం నిలబెడతాయని లోకానికి నిరూపణ అయ్యింది 1971 బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాల తర్వాతే.

రెండోది నాకు బాగా నచ్చే మార్గం, ఎందుకంటే దోషి పాత్ర వంటింట్లో కూర్చుని ఉంటుంది, అక్షరాలా పాత్రే. ఏడాది రెండేళ్ల బిడ్డకి పొట్ట గట్టిపడి, కాలేయం రాయిలా చేతికి తగిలి, చిరాకు, కామెర్లు, చివరికి పొట్టలో నీరు. అదే ఇంట్లో మొదటి బిడ్డ, తర్వాతి బిడ్డ వరసగా. జనం "లివరు" అనేవారు. మద్రాసులో జమ్మివారి లివరు మందు కోసం తెలుగు తల్లిదండ్రులు రైలెక్కిన కాలం అది. శాస్త్రులుగారు మండూరం, కటుకరోహిణి వేస్తారు. కొన్నాళ్లు ఆగినట్టుంటుంది, ఆగదు. 1980ల తొలినాళ్లలో పరిశోధకులు ఒక కారణం పట్టుకున్నారు. రాగి, ఇత్తడి పాత్రల్లో కాచి నిలవ ఉంచిన ఆవుపాలు, గేదెపాలు తల్లిపాలకు బదులు చాలా చిన్నప్పుడే పట్టడం వల్ల రాగి కాలేయంలో పేరుకోవడం. స్టీలు గిన్నెలు వచ్చాక ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది. నీ నవల 1958లో ఆగుతుంది కనుక ఆ సంగతి ఎవరికీ తెలియదు. కళాయివాడు వీధిలో కేకేస్తూ పోవడం, ఈ ఏడు డబ్బు లేక కళాయి పూయించకపోవడం, ఇత్తడి గిన్నెలో పాలు తెల్లారిదాకా ఉండడం, ఇవి వంటింటి వర్ణనలో మామూలుగా రాసేసి ఊరుకో. ముగ్గురు పిల్లలు పోయిన ఇల్లాలు నాలుగో కాన్పుకి పుట్టింటికి వెళ్తే, వాళ్లకి పాడి లేక బిడ్డ తల్లిపాల మీదే పెరిగి బతికితే, ఊరంతా పుట్టింటి గ్రామదేవతకి మొక్కుతారు. శాస్త్రులుగారు ఒక్కరే అయోమయంలో ఉంటారు. సరిగ్గా ఆ అయోమయం రాయగలిగితే పుస్తకం నిలబడుతుంది.

మూడోది చిన్నది. కఫం కట్టి గురగురలాడే బిడ్డకి కుప్పింటాకు రసం చుక్కలు వేసి కక్కించడం పల్లెల్లో ఉంది. చాలామందికి ఏమీ కాదు. ఎర్రకణాల్లో ఒక ఎంజైము పుట్టుకతో తక్కువున్న బిడ్డకి మాత్రం రక్తం విరిగి, మూత్రం కాఫీ రంగులో వస్తుంది, బిడ్డ పాలిపోతుంది. నూరుమందికి పనిచేసిన మందు నూట ఒకటో బిడ్డని తీసుకుపోవడం. ఇది రాస్తే ఎవరినీ తిట్టకుండా రాయి.

తేనె కూడా ఇందులోకే వస్తుంది. శాస్త్రమంతా తేనె, నెయ్యి. ఏడాది లోపు బిడ్డకి తేనె నాకించకూడదని ఈనాడు తెలుసు. అందులో ఉండగల ఒక సూక్ష్మజీవి బీజాలు ఆ వయసు పేగుల్లో మొలిచి విషం పుట్టిస్తాయి. ముందు మలబద్ధకం, తర్వాత మెడ వాలిపోవడం, ఏడుపు సన్నగిల్లడం. కాలం నిజం కోసం తేనె రాయక తప్పదు. కానీ ఏ బిడ్డా ఒక్క తేనె చుక్కతో లేచి కూర్చునే దృశ్యం వద్దు. వసకొమ్ము అరగదీసి నాకించడం కూడా అంతే. మాటలు త్వరగా వస్తాయని ఉగ్గులో పెట్టేవారు, వసపిట్ట అన్న తిట్టు అక్కడినుంచే వచ్చిందంటారు. తిట్టు వాడుకో, మోతాదు రాయకు.

దీని వెనక ఒక లెక్క ఉంది. నవలలో మందు రాస్తే ఎక్కడో ఒక ఇంట్లో నూరతారు. పాఠకుడు కథని కథగానే చదువుతాడు గానీ, జ్వరంతో కాలిపోతున్న బిడ్డని ఒళ్లో పెట్టుకున్న తల్లికి అది కథ కాదు. కాబట్టి పాదరసం, నల్లమందు, వత్సనాభి ఉన్న యోగాల్లో పాళ్లు ఎప్పుడూ పూర్తిగా ఇవ్వకు, ఒక సరుకు పేరు మింగెయ్యి. చెయ్యి కదలికలు రాయి, కల్వంలో మూడు రోజులు మెదిపిన శబ్దం రాయి, లెక్క రాయకు. నల్లమందు మాత్రం వదలకు. కూలికి పోయే తల్లులు బిడ్డ నిద్రపోవాలని గోరంత నల్లమందు నాకించేవారు. ఒకరోజు గోరు కొంచెం ఎక్కువైతే బిడ్డ లేవదు.

పసిపిల్లల్ని పట్టి పీడిస్తాయనే బాలగ్రహాలని నువ్వు మూఢనమ్మకం కింద కొట్టేశావు. తొందరపడ్డావు. సుశ్రుతుడి తొమ్మిది గ్రహాలు, స్కందుడు, శకుని, రేవతి, పూతన, నైగమేషుడు మొదలైనవి, ఒక్కోదానికి ఒక్కో లక్షణాల వరస ఉంది. ఒక కన్ను కొట్టుకోవడం, పిడికిళ్లు బిగుసుకోవడం, నురగ, ఒంటి నుంచి ఫలానా వాసన, పలచని ఆకుపచ్చ విరేచనం. అవి ఎవరో పడక పక్కన కూర్చుని చూసి రాసుకున్న గుర్తులు. దేవత పేరు పెట్టారు, చూసింది మాత్రం నిజం. నీ శాస్త్రులుగారు బలిహరణం చేయించి, వేపాకు, ఆవాలు, గుగ్గిలంతో ధూపం వేసి, ఆ వెంటనే మందు కూడా ఇస్తారు. ఏది నమ్మి ఏది చేశారో ఆయన కూడా విడదీయలేరు. విడదీయమని నువ్వూ అడగకు. వాతలు పెట్టడం మాత్రం ఆయన చేత చేయించకు, అది వేరే మనిషి పని. వాత పడ్డాక పుండుతో ఆయన గుమ్మానికి వచ్చిన బిడ్డని చూపించు.

మంత్రసానికి నువ్వు రెండు వాక్యాలే ఇచ్చావు. పుట్టిన రోజు నుంచి బిడ్డని చేతుల్లో తిప్పింది ఆవిడ. బొడ్డు ఎలా రాలిందో, మొదటి ఏడుపు ఎలా ఉందో, నల్లమలం ఎన్నో రోజు పోయిందో శాస్త్రులుగారికి చెప్పగలిగేది ఆవిడొక్కతే. గడప లోపలికి రానివ్వని మనిషి మాట మీద గడప లోపలి వైద్యం నడుస్తుంది. దీన్ని ఉపన్యాసం చెయ్యకుండా రాయి.

కొడుకు సంగతి. మద్రాసు ప్రభుత్వం దేశీయ వైద్యాల మీద ఉస్మాన్ కమిటీని 1921లో వేసింది, 1923లో నివేదిక వచ్చింది, 1925లో మద్రాసులో ప్రభుత్వ దేశీయ వైద్య పాఠశాల మొదలైంది. అక్కడ ఆయుర్వేదంతో పాటు శరీరశాస్త్రం, స్టెతస్కోపు నేర్పేవారు, ఎల్.ఐ.ఎం. పట్టా ఇచ్చేవారు. ఈ పట్టా పుచ్చుకున్నవాణ్ణి ఎల్.ఎం.పి. చదివిన ఇంగ్లీషు వైద్యపు డాక్టర్లు తమలో కలుపుకోరు, పాత వైద్యులు తమవాడనుకోరు. నువ్వు కొడుకుని "ఇంగ్లీషు డాక్టరు"గా రాశావు, ఆ త్రిశంకు స్థితి పోయింది. మార్చు. 1940 ప్రాంతాల్లో అతని సంచిలో నిమోనియాకి వాడే ఎం అండ్ బి 693 బిళ్లలు ఉండొచ్చు. పెన్సిలిన్ యుద్ధం ముగిశాకే. డొక్కలెగరేస్తున్న బిడ్డని చూసి తండ్రి ముక్కుపుటాలు చూస్తాడు, కొడుకు గడియారం తీసి ఊపిరి లెక్కపెడతాడు. రెండు నెలలు దాటి ఏడాది నిండని బిడ్డకి నిమిషానికి యాభైకి చేరితే ప్రమాదమని ఈనాటి లెక్క, అప్పటికి ఇంత ఖరారుగా లేదు, కాబట్టి అంకె పలికించకు. ఇద్దరూ ఒకే నిర్ణయానికి వస్తారు. మందు దగ్గర విడిపోతారు.

మాటలు సరిచూసుకో. "కౌమారభృత్యం" ఊళ్లో ఎవరూ అనరు, "చంటిపిల్లల వైద్యం" అంటారు. "శ్వాసకోశ వ్యాధి" అనరు, "ఎగరొప్పుతోంది" అంటారు. కోరింతదగ్గు, గవదబిళ్లలు, తట్టు, ఆటలమ్మ, ఏలికపాములు, ఇవి చాలు. మశూచికి పేరు పలకరు, "అమ్మవారు పోసింది" అంటారు, ఆ ఇంటికి శాస్త్రులుగారినే పిలవకపోవచ్చు. ఆ కాలపు భాష చెవికెక్కాలంటే 1928లో మొదలైన గృహలక్ష్మి పత్రిక పాత సంచికలు తిరగెయ్యి, ఆడవాళ్ల మందు లోధ్ర ప్రకటనలతో సహా. ఆ పత్రిక పెట్టిన కె.ఎన్. కేసరిగారు వైద్యుడూ సంపాదకుడూ కాబట్టి ఆడవాళ్ల, పిల్లల జబ్బుల గురించి మర్యాదగా ఎలా మాట్లాడేవారో అందులో దొరుకుతుంది. హైదరాబాదు గడ్డిఅన్నారంలో వైద్యచరిత్ర పరిశోధన సంస్థ ఉంది, పాత ప్రతుల కోసం అక్కడికి ఒకసారి వెళ్లు. విజయవాడ ఆయుర్వేద కళాశాలలోనో ఇంకెక్కడో కౌమారభృత్యంలో ఎండీ చేసినవారు ఎవరైనా దొరికితే, రాసిన ప్రతి మోతాదునీ వాళ్ల చేత చూపించు.

సువర్ణప్రాశనం అధ్యాయం తీసెయ్యి. కాశ్యపుడు చెప్పాడు, నిజమే, కడిగిన రాతి మీద నీళ్లతో బంగారం అరగదీసి, తేనె నెయ్యి కలిపి నాకించమని. కానీ పుష్యమి నాడు పిల్లల్ని వరసలో నిలబెట్టి చుక్కలు వేయించడం ఈమధ్య వాడుక, 1940లో లంకల్లో దాన్ని పెడితే అతకదు.

అయిదో అధ్యాయం రాసేముందు మొదటిది తిరగరాసి పంపు. నాడి వద్దు. బిడ్డ కుడిచెయ్యి ఎక్కడుందో అక్కడినుంచి మొదలుపెట్టు. నెయ్యి నురగ మాట మాత్రం ఇవాళే దిద్దు, మళ్లీ మరిచిపోతావు.

ఆశీస్సులతో,
పెదనాన్న